అడ్డపొగ

మొన్న రాజమండ్రి రేవులో పడవ కోసం కూర్చుని ఉంటే, పక్కనున్న పెద్దాయన తన మనవడి చేతికి చుట్ట ఇచ్చి ముట్టించుకు రమ్మన్నాడు. వాడికి ఎనిమిదేళ్లు ఉంటాయేమో. పడవవాళ్లు వంట చేసుకుంటున్న పొయ్యి దగ్గరికి వెళ్లి, రెండు దమ్ములు లాగి, కొస ఎర్రగా రాజుకున్నాక తెచ్చి ఇచ్చాడు. పిల్లాడి చేత ఇలాంటి పని చేయించకండి అన్నాను, ఊరుకోలేక. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తమరు కాల్చరా ఏంటండి?" అన్నాడు. నా రొంటిన దోపుకున్న చుట్టలు కనబడ్డట్టున్నాయి.

నాకు అలవాటు చేసింది మా నాన్నమ్మ. కావాలని చెయ్యలేదు, అది ఒప్పుకుంటాను, కానీ క్షమించలేదు. ఆవిడది అడ్డపొగ. నిప్పున్న కొసను నోట్లోపల పెట్టుకుని పెదవులు బిగించేది. గాలికీ వానకీ ఆరదని మా వైపు ఆడవాళ్లు చాలామంది అలాగే కాల్చేవారు. ముట్టించి తేవడం నా వంతు. పీల్చకపోతే లంక పొగాకు అంటుకోదు. పదకొండో ఏడు వచ్చేసరికి నాకూ చుట్ట లేనిదే పొద్దు గడిచేది కాదు.

మా మేనమామ నన్ను రాజమండ్రిలో తన ఇంట్లో పెట్టుకుని ఇంగ్లీషు బడిలో వేశాడు. అక్కడ రెండో గంటలో లెక్కలు. సరిగ్గా ఆ వేళకి నోరు ఎండిపోయి, పలక మీద అంకెలు అలికినట్టు కనబడేవి. మంచినీళ్లకని లేచి గోడ వెనక్కి పోయేవాణ్ణి. భిన్నాలు నాకు ఈ రోజుకీ రావు. ఒకనాడు పంతులుగారు అందరి ముందూ, "పాఠాలన్నీ ఆ గోడకి అప్పజెప్తున్నావా? నీ బదులు అదే పాసవుతుందిలే" అన్నారు. అందరూ నవ్వారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముక్కు కింద నస్యం మరక ఉంది. అది నేనొక్కణ్ణే చూశాను. పరీక్ష తప్పిందీ నేనొక్కణ్ణే.

నా దస్తూరీ బాగుంటుందని, మామయ్య కాలవల కచేరీలో హెడ్డు గుమాస్తాగారి కాళ్లావేళ్లా పడి, నకళ్లు రాసే ఉద్యోగానికి తీసుకెళ్లాడు. "మధ్యాహ్నం దాకా కదలకుండా రాయాలి. దొరగారు వచ్చి చూస్తారు. నా పరువు నీ చేతిలో ఉందిరా అల్లుడూ" అన్నాడు.

రెండు గంటలు ముత్యాల్లా రాశాను. తర్వాత ఒళ్లంతా పీకడం మొదలైంది. లేచి బయటికి వెళితే ఉద్యోగం పోతుంది. అప్పుడు నాన్నమ్మ గుర్తుకొచ్చింది. గోడ వైపు తిరిగి, కవర్లకి లక్క కరిగించే దీపం మీద చిన్న చుట్టపీక ముట్టించి, నిప్పు లోపలికి పెట్టుకున్నాను. దొర కాల్చేదీ మా లంక చుట్టే. కచేరీ నిండా ఆ వాసనే కనక నాది తెలియదనుకున్నాను. ఇంతలో బూట్ల చప్పుడు. పీక మొత్తం లోపలికి లాక్కుని నోరు మూశాను.

దొర నా కాగితం ఎత్తి చూశాడు. నచ్చినట్టే ఉంది. "నీ పేరు ఏమి?" అన్నాడు.

నాలుక కాలుతోంది. పెదవులు ఇంకా గట్టిగా బిగించాను. హెడ్డు గుమాస్తాగారు, "దొరగారు అడుగుతుంటే చెప్పవేంరా, మూగాడివా?" అని వీపు మీద చరిచారు. నిప్పూ, బూడిదా, పొగా ఒక్కసారే బయటపడి నేను రాసిన కాగితాల మీద రాలాయి. దొర నవ్వలేదు. వేళ్ల మధ్య తన చుట్ట అలాగే ఉంచుకుని తలుపు వైపు చూపించాడు.

మామయ్య దారంతా నాకు రెండడుగుల ముందే నడిచాడు. గుమ్మంలో ఆగి, "మీ అమ్మకి నేనేం చెప్పనురా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత నలభై ఏళ్లు పొగాకు మూటలు పడవలకెక్కించాను. అక్కడ "ఓయ్" అంటే చాలు, పేరుతో ఎవరికీ పని లేదు. నాన్నమ్మ, మామయ్య, పంతులుగారు, ఆ దొర, అందరూ పోయారు. ఆ పొద్దు నా పేరు చెప్పడానికి అరనిమిషం దొరకలేదు. ఆ తర్వాత కావలసినంత కాలం దొరికింది, అడిగినవాడే లేడు.