అన్నం మెతుకు అంటిన పిస్టన్ల డబ్బా

నా చిన్నప్పుడు నన్ను ఒకచోట కూర్చోబెట్టగలిగినవాళ్ళు మా ఊరు తుష్నాబాద్‌లో ఎవరూ లేరు. అరికాళ్ళ కింద నిప్పులు పోసినట్టు తిరిగేదాన్ని. ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్ డెలానీపూర్‌లో, అరవై దాటిన మోకాళ్ళతో కూడా, కుక్కర్ మూడో కూత దాకా ఆగలేక రెండో కూతకే పొయ్యి కట్టేస్తుంటాను. ఇంట్లోవాళ్ళు పలుకన్నం తిని నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ. ఇలాంటిదానికి ఆగడం నేర్పాలని చూసినవాళ్ళలో గెలిచింది మా తాతయ్య ఒక్కడే, అదీ సగమే.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా నాన్న పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక గోదాములో పనిచేసేవాడు. ఆయన డ్యూటీ దిగేసరికి మా ఊరి ఆఖరి బస్సు వెళ్ళిపోయేది. అందుకని రాకపోకలన్నీ ఒక పాత ఇంగ్లీషు మోటారుసైకిలు మీదే. ఎవరో దొర వదిలి వెళ్తే నాలుగు చేతులు మారి మా ఇంటికి చేరిందది. రెండు సిలిండర్ల ఇంజను. మలుపు దగ్గర దాని చప్పుడు వినబడగానే నేను పలకో పుస్తకమో విసిరికొట్టి గేటు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఆ ఏడు వానలు తగ్గాక పిస్టన్లు అరిగిపోయి, తెల్లగా పొగ కక్కి, బండి దారిలోనే ఆగిపోయింది. అప్పటినుంచి నాన్న పోర్ట్‌బ్లెయిర్‌లోనే లంబాలైన్‌లో చుట్టాలింట్లో ఉండి, ఆదివారం పొద్దున్న ప్రార్థన వేళకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవాడు. రెండు నెలలు అలాగే గడిచాయి. నాన్న లేని ఇల్లు నాకు ఇల్లులా ఉండేది కాదు. అమ్మ మీద ఊరికే అరిచేదాన్ని, అన్నం సగంలో వదిలేసి లేచేదాన్ని.

ఆ ఇంజను చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అలాంటి పాత బళ్ళ కోసం కొత్తగా పిస్టన్లు చేసేవాళ్ళు మెయిన్‌ల్యాండులో ఉన్నారని తెలిసి నాన్న ఉత్తరం రాసి తెప్పించాడు. అవి ఓడలో వచ్చేలోగా, అరిగిన సిలిండర్ల బోరును, అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టాన్ని, బండితో వచ్చిన పాత పుస్తకంలో ఉన్న కొలత ప్రకారం పోర్ట్‌బ్లెయిర్‌లో సాపు చేయించి ఉంచారు. బిగించే పని తాతయ్యది. ఆయన ఓడల ఇంజన్ల మీద ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో ఆదివారం పానా పట్టుకోవడం నిషిద్ధం. కాబట్టి నాన్న ఒక శనివారం సెలవు పెట్టాడు. ఆ శనివారం బండి లేస్తే సోమవారం నుంచి నాన్న రోజూ ఇంటికొస్తాడు. నాకు లోకంలో కావలసింది అదొక్కటే.

డబ్బా గురువారమే వచ్చింది. శనివారం దాకా ముట్టుకోవద్దని తాతయ్య దాన్ని బీరువా మీద పెట్టాడు. ముట్టుకోవద్దంటే ఊరుకునే పిల్లనా నేను? అందరూ పెరట్లో ఉన్నప్పుడు స్టూలెక్కి దించి, మూతకి అతికించిన కాగితం పట్టీ చింపి చూశాను. రెండు పిస్టన్లు వెండి చెంబుల్లా తళతళలాడుతున్నాయి. వాటి పక్కన మడతపెట్టిన గులాబీరంగు చీటీ ఒకటి. ఏదో కంపెనీ ప్రకటన అనుకున్నాను. ఆదివారం సండేస్కూల్లో నేను పాడాల్సిన పాట దగ్గర గుర్తుకి బాగుంటుందని చీటీ తీసి నా పాటల పుస్తకంలో పెట్టేసుకున్నాను. మా బళ్ళో చదువంతా హిందీ. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఆ పాటల పుస్తకం వల్లే, అందుకని దాన్ని అపురూపంగా చూసుకునేదాన్ని. చిరిగిన పట్టీని రెండు అన్నం మెతుకులు నలిపి అతికించి, డబ్బా ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

శనివారం పొద్దున్నే వరండాలో పాత చాప పరిచారు. తాతయ్య డబ్బా చేతిలోకి తీసుకుని, మూతని అటూ ఇటూ తిప్పి చూసి, నాన్న చేతికిచ్చాడు. నాన్న కూడా చూశాడు. ఇద్దరూ చాప మీద కూర్చుని పని మొదలుపెట్టారు. నేను మాత్రం వరండా మెట్లు ఎక్కుతూ దిగుతూ, అయిందా, ఇంకా ఎంతసేపు అని ప్రాణం తీస్తున్నాను.

తాతయ్య పిస్టన్‌ని బోరులో దింపి, సన్నటి రేకు దూర్చి సందు కొలిచాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ కొలిచాడు. అంగుళంలో వెయ్యో వంతుని ఆ పనివాళ్ళు థౌ అంటారు. పుస్తకంలో ఉన్నట్టే సందు మూడు థౌ ఉంది. అయినా ఆయన మొహం తేటపడలేదు.

"కొలత పాతదిరా. పిస్టను కొత్తది. ఈ లోహం వేరే. ఏ వేడికి ఎంత పొంగుతాదో చేసినోడు కాగితం మీద రాసి పెడతాడు," అని నావైపు తిరిగి, "బేటీ, డబ్బాలో కాగితం ఏదైనా చూసినావేటి?" అని అడిగాడు.

చూశానంటే డబ్బా విప్పానని ఒప్పుకున్నట్టే. "నహీ తాతయ్యా, నాకేటి తెలుసు?" అనేశాను.

తాతయ్య లేచాడు. అమ్మని పిలిచి అన్నం గిన్నెలో ఎసరు పెట్టమన్నాడు. ఎసరు మరిగాక ఒక పిస్టన్ అందులో వేసి, పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. నన్ను కూడా పక్కనే కూర్చోమన్నాడు. ఇనప ముక్కని ఉడకబెట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. ఆ నీళ్ళు తెర్లుతుంటే కాళ్ళూ చేతులూ లాగేశాయి. లేవబోతే తాతయ్య మోచేత్తో ఆపాడు. చాలాసేపటికి పట్టకారుతో తీసి, వరండాలోకి పరుగున తెచ్చి, ఇందాక జారిపోయిన ఆ బోరులోనే దింపబోయాడు. అది దిగలేదు. అంచు మీద కూర్చుని ఉండిపోయింది. నేను చెయ్యివేసి నొక్కబోయి వేలు కాల్చుకున్నాను.

"ఇది ఉట్టి నీళ్ళ వేడి," అన్నాడు తాతయ్య, నా వేలు మీద చల్లనీళ్ళు పోస్తూ. "లోపల మండేది దీనికి మూడింతలు. బోరూ పొంగుతాది గానీ దీనంత పొంగదు. సందు చాలకపోతే పిస్టను అక్కడే పట్టేస్తాది. బండి చక్రం దిమ్మలాగ ఆగిపోతాది. దాని మీద మనిషి మాత్రం ఆగడు."

మా ఊరి దారంతా ఎక్కుడూ దిగుడూ, ఒక పక్క లోయ. నాకు ఆ లోయ కళ్ళ ముందు కనబడింది.

అప్పుడు నాన్న లేచి చేతులు దులుపుకున్నాడు. "ఛోడో నాన్నా. కంపెనీకి రాసి, ఓడ ఎల్లి ఓడ వచ్చేసరికి నెల. పుస్తకంలో ఉన్నట్టే ఉంది కదా, బిగించేయ్. సోమవారం నేను మెల్లగా ఎల్తాను," అన్నాడు. తాతయ్య వద్దనలేదు. పానా తీసుకుని మొదటి నట్టు మీద పెట్టాడు.

దొంగకి తేలు కుట్టినట్టు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నిజం చెబితే వీపు పగులుతుంది. అంతకన్నా ఘోరం, సందు చాలదని తేలితే బోరు మళ్ళీ పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళాలి, నాన్న రోజూ ఇంటికి రావడం ఇంకో వారం వెనక్కిపోతుంది. చెప్పకపోతే నాన్న సోమవారం ఆ బండెక్కుతాడు. నట్టు ఒక చుట్టు తిరిగింది. నేను లోపలికి పరిగెత్తి పాటల పుస్తకం తెచ్చి తాతయ్య ఒళ్ళో పడేసి, "నేనే తీశాను, నేనే తీశాను," అని బావురుమన్నాను.

ఎవరూ కొట్టలేదు. తాతయ్యకి చిన్నక్షరాలు ఆనవు కాబట్టి చీటీ నాచేతే చదివించాడు. వెక్కిళ్ళ మధ్య ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాను. నాలుగున్నర థౌ అని ఉంది. మూడు కాదు. తాతయ్య నట్టు విప్పేసి, అమ్మ వచ్చి ఏమైందని అడిగితే, "ఏం లేదమ్మా, పిల్ల కాగితం పోకుండా జాగ్రత్తగా దాచింది," అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఆ మాటకి నాకు ఇంకా ఏడుపొచ్చింది.

నాన్న ఆదివారం సాయంత్రం సిలిండర్లు గోనెసంచిలో చుట్టి బస్సెక్కాడు. వెళ్తూ నా కాలిన వేలు పట్టుకుని ఊదాడు. ఆ వారం నా జీవితంలో అన్నిటికన్నా పొడుగైన వారం. తర్వాతి శనివారం నాన్న మళ్ళీ సెలవు పెట్టాడు. బోరు ఆ పిసరు పెద్దదై వచ్చింది, బండి లేచింది. కొత్త పిస్టన్లు కుదురుకునేదాకా దౌడు తీయకూడదట, సోమవారం నాన్న నత్తలా నడుపుకుంటూ వచ్చాడు. మలుపు దగ్గర మొదలైన ఆ చప్పుడు గేటు దాకా రావడానికి ఎంతసేపు పట్టిందో! నేను మాత్రం ఎదురు పరిగెత్తలేదు. గేటు ఊచలు పట్టుకుని నిలబడి, ఆ చప్పుడు మొత్తం విన్నాను.

తాతయ్య పోయాడు, బండి అమ్మేశాం. ఆఖరి రోజుల్లో నాన్న నా దగ్గరే ఉండేవాడు. ఒకసారి మాటల్లో ఆ శనివారం సంగతి వచ్చింది. "నేను చెప్పకపోయి ఉంటే నిజంగా బిగించేసేవారా నాన్నా?" అని అడిగాను.

నాన్న పగలబడి నవ్వాడు. "పిచ్చిదానా, డబ్బా మూతకి అన్నం మెతుకు అంటుకుని ఉందే! కంపెనీవోడు అన్నంతో అతికిస్తాడేటి? చేతిలోకి తీసుకోగానే మీ తాతయ్యకి తెలిసిపోయింది, నాకూ తెలిసిపోయింది. ఆ నట్టు బిగిస్తున్నాడా వదులుతున్నాడా నువ్వు చూసినావేటి? నీ అంతట నువ్వు చెప్పేదాకా రోజంతా తిప్పుదుము."

బండి లేవాలని నాన్నకి మాత్రం తొందర లేదా? రెండు నెలలు పిల్లని వారానికొక్క పూట చూసుకున్న మనిషి. అయినా నాకోసం ఆ మాత్రం సందు వదిలి కూర్చున్నాడు.

ఆ గులాబీ చీటీ ఇప్పటికీ నా పాటల పుస్తకంలోనే ఉంది. రంగు వెలిసిపోయింది, అంకె మాత్రం కనిపిస్తుంది. నా కోపం ఎక్కడికీ పోలేదు, నా తొందరా పోలేదు. మొన్న మనవరాలు బడి నుంచి వచ్చి, మార్కుల కాగితం ఇచ్చారా అని నేను అడిగితే "నహీ నానమ్మా" అంటూ కళ్ళు నేలకి దించింది. నిజం దాని జేబులోంచి కొస బయటపెట్టి కనబడుతూనే ఉంది. లాగేద్దామని చెయ్యి లేచింది కూడా. ఆ చేతిని వెనక్కి తీసుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి, వండాల్సిందేమీ లేకపోయినా, గిన్నెలో ఎసరు పెట్టి పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాను.