ఏడో గడి నేర్పిన అప్పారావు గారు

నిన్న పొద్దున గాజువాక బస్సులో ఉండగా మెసేజ్ వచ్చింది.

అప్పారావు గారు పోయారు.

రెండుసార్లు చదివాను. దిగాల్సిన స్టాప్ దాటిపోయింది.

మా పాత బ్యాచ్ గ్రూపులో అప్పటి మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారు కూడా సంతాపం పెట్టారు. "మంచి నాన్ టీచింగ్ స్టాఫ్" అట.

ఒళ్లు మండింది. అందుకే ఈ పోస్ట్.

యూనివర్సిటీలో కంప్యూటర్ కోర్సు పెట్టిన కొత్త. చెప్పేవాళ్లు లేక, లెక్కల డిపార్ట్‌మెంట్ నుంచి ఈ సంతాపం పెట్టినాయన్ని తెచ్చి హెడ్‌ని చేశారు. ఆ మహానుభావుడు చెప్పులు విప్పి మెషీన్ రూమ్‌లోకి వెళ్లేవాడు, దండం పెట్టి బయటికొచ్చేవాడు. మధ్యలో చేసే పనేమీ లేదు.

మేం ప్రోగ్రామ్‌ని అట్ట కార్డుల మీద చిల్లులుగా పంచ్ చేసి కిటికీలో ఇవ్వాలి. కిటికీ అవతల ఆపరేటర్ అప్పారావు గారు. రిజల్ట్ మర్నాడు.

వారం రోజులు క్లాసు మొత్తానికీ ఎర్రర్లే. మెషీన్‌కి దిష్టి తగిలిందని హెడ్ గారు గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టించారు.

నిజమండీ. గుమ్మడికాయ!

మర్నాడూ ఎర్రర్లే.

అప్పుడు కిటికీలోంచి అప్పారావు గారు అన్నారు: "మీ తప్పేటీ లేదు బాబూ. హెడ్ గారు బోర్డు మీద రాసిందే తప్పు. కార్డులో ఏడో గడి కాడ నుంచి లైను మొదలెట్టాల. ఆయనేమో ఒకటో గడి నుంచి రాయించేత్తన్నారు."

తెలివితక్కువగా నేనే వెళ్లి హెడ్ గారికి చెప్పాను.

"ఆపరేటర్ నాకు పాఠం చెప్తాడా? వాణ్ని ఎవడైనా సార్ అన్నాడో, ల్యాబ్ మార్కులు సున్నా!"

అప్పారావు గారు రెండు రోజులు కూర్చుని క్లాసు కార్డులన్నీ మళ్లీ పంచ్ చేశారు. ఏడో గడి నుంచి. ప్రోగ్రాములన్నీ ఆడాయి.

"చూశారా గుమ్మడికాయ పవర్!" అన్నారు హెడ్ గారు.

సిగ్గూ ఎగ్గూ లేని మనిషి.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం మెట్ల మీద కూర్చోబెట్టి, పాడైన కార్డుల వెనక రాసి చూపిస్తూ, మాకు ప్రోగ్రామింగ్ నేర్పింది అప్పారావు గారే. స్టీల్ ప్లాంట్‌లో పాతికేళ్లు నేను తిన్న అన్నం ఆ మెట్ల మీద నేర్చుకున్నదాని పుణ్యమే.

మరి మేం? మార్కులకి భయపడి ఆయన్ని ఒక్కసారి కూడా సార్ అనలేదు. హెడ్ గారిని అంటున్నాను గానీ, నేనూ తక్కువవాణ్ని కాదు.

మొన్న ఆదివారం గోపాలపట్నంలో వాళ్లింటికి వెళ్లి అడిగాను, మా మీద కోపం లేదా అని.

"కోపమేటి బాబూ. ప్రోగ్రామ్ ఆడింది కదా" అన్నారు.

అప్పుడైనా సార్ అందామనుకున్నాను. నోరు రాలేదు.

హెడ్ గారూ, ఇప్పుడు వేసుకోండి సున్నా.

అప్పారావు సార్, ఇక ఏ కిటికీ వెనకా కూర్చోకుండా హాయిగా ఉండండి.

సెలవు సార్.