కాలవ అవతల మా రేడియో

మా ఊళ్ళో మొదటి రేడియో మాదే. పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య రాగితీగ కట్టించి, బ్యాటరీని పడవ మీద అమలాపురం పంపి ఛార్జింగు చేయించేవారు మా నాన్నగారు. అప్పటికే మా లంక భూములు గోదావరి కోసుకుపోయింది. అయినా సాయంత్రమయ్యేసరికి మా అరుగు నిండేది. మేము మాత్రం ఎవరి అరుగూ ఎక్కేవాళ్ళం కాదు. అది మా ఇంటి పద్ధతి.

ఆదివారాలు రేడియోలో ఒకాయన మాట్లాడేవారు. "ఏమండోయ్, అందరూ తిన్నారా?" అని మొదలుపెట్టేవారు. ఏడాది తిరక్కుండానే పడవవాళ్ళదీ, కొబ్బరికాయలు వలిచేవాళ్ళదీ అదే పలకరింపు. పెళ్ళి పంక్తుల్లో వియ్యాలవారిని ఆ గొంతుతోనే ఆటపట్టించేవారు.

వరద వచ్చిన ఏడు ఆయన, "ఎసట్లో బియ్యం పోసేటప్పుడు మునిగిన ఊళ్ళ కోసం ఒక్క పిడికెడు పక్కన పెట్టండమ్మా" అన్నారు. ప్రతి వంటింట్లోనూ ఒక ముంత వెలిసింది. పెద్ద దానాలు చేసినవారి పేర్లు రేడియోలో చదువుతానని కూడా చెప్పారు.

మా తాతగారి కాలంలో వరదొస్తే మా గాదెలు తెరిచేవారట. ఇప్పుడు గాదెల్లో గింజ లేదు. అమ్మ కూడా ముంత పెట్టింది.

"ఈ ఇంటి నుంచి పిడికెడా?" అన్నారు నాన్నగారు. ముంత అటక ఎక్కింది.

ఊరివాళ్ళు బియ్యం పోగుచేయడానికి వచ్చినప్పుడు ఆయన రేడియో చూపించారు. "దీన్ని వేలం వేసి, వచ్చింది పంపించండి."

"మరి మీ పేరు చదివితే ఎలా వింటారండీ, బాబుగారూ?" అన్నాడొకడు.

ఆ సంగతి ఆయనకు అంతవరకూ తట్టలేదు. అయినా, "వినడానికి ఇస్తున్నామా?" అన్నారు.

కాలవ అవతలి బియ్యం మిల్లు ఆసామి వేలంలో పాడుకున్నారు. పేర్లు చదివే ఆదివారం స్వయంగా మా ఇంటికి వచ్చారు.

"రండి బాబుగారూ. మీకు కుర్చీ వేయించేనండి. మీ పేరు మీరు వినొద్దేంటండీ?"

"పనుందండీ."

"ఆదివారం పూట ఏం పనండీ?"

గుమ్మం బయట ఎవరో అన్నారు: "ఆయ్, వారు రారండి. మన అరుగెక్కితే అరిగిపోరూ?"

మేము కిటికీ దగ్గర కూర్చున్నాం. మొదటి పలకరింపు తెలిసింది. తరువాత గొంతే గాని మాటలు కాలవ దాటి రాలేదు. ఒకసారి అక్కడి జనం గట్టిగా ఏదో అరిచారు. మా పేరు వచ్చినందుకో, మరెందుకో. నాన్నగారు కదలలేదు. నేనూ కదలలేదు.

మర్నాడు వంతెన మీద మిల్లు ఆసామి ఎదురై ఏదో చెప్పబోయారు. నాన్నగారు ఊడ్పుల సంగతి అడిగి ముందుకు నడిచారు. ఆ తరువాత ఇంట్లో ఎవరం ఎవరినీ అడగలేదు. మా పేరు చదివారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ పూట అమ్మ అటక మీది ముంత దించి, పిడికెడు బియ్యం వేసింది. నాన్నగారు చూశారు. ఏమీ అనలేదు.