అక్క ఇచ్చిన వడ్లు మంచివే

నా చిన్నప్పుడు, కలకత్తా వాట్‌గంజ్‌లో మేమున్న రోజుల్లో, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం మా నాయనమ్మ టీ కొట్లో ఇచ్చే మట్టి కప్పుల్లో వడ్లు చల్లేది. క్రిస్మస్ నాటికి అవి జానెడు నారయ్యేవి. యేసు పుట్టుకకు గుర్తుగా చర్చిలో కట్టే పశువుల పాక చుట్టూ ఆ కప్పులు పేర్చేవారు. ఓడరేవు డాక్‌లో పనిచేసే మా వాళ్ళు ఊళ్ళో వదిలి వచ్చిన పొలాన్ని ఆ నారులోనే ఏడాదికి ఆ ఒక్కసారి చూసుకునేవారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఏడాది ఆ వడ్లు మొలవలేదు. ఎందుకు మొలవలేదో మా సంఘంలో ఈనాటికీ తప్పుగానే చెప్పుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఏడాది గింజలు ఇచ్చింది పక్కింటి అక్క. శ్రీకాకుళం వైపున్న పుట్టింటి నుంచి కొంగున ముడేసుకుని తెచ్చింది. ఆమెకు పెళ్ళై ఆరేళ్ళు, పిల్లలు లేరు. నాయనమ్మ కప్పులన్నీ మా వంటింటి కిటికీలో పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దంది.

నాకేమో మట్టి కింద ఏం జరుగుతోందోనన్న ఆరాటం. ముందు వేరు వస్తుందా, మొలక వస్తుందా? గింజ పగిలేటప్పుడు చప్పుడవుతుందా? మూడో రోజు చీపురుపుల్లతో ఒక గింజను పైకి తీశాను. కొసన తెల్లటి చుక్క. ఎంత ముచ్చటేసిందో! మర్నాడు అన్నిటినీ తీసి చూశాను. ఆ తర్వాత రోజూ స్కూలు నుంచి రాగానే తీయడం, చూడడం, మళ్ళీ కప్పేయడం. ఆ తెల్ల చుక్కలు విరిగి, నల్లబడి, గింజలు కుళ్ళిపోయాయి.

క్రిస్మస్‌కు పాక చుట్టూ పచ్చ కాగితం కత్తిరించి అంటించారు. చర్చి ఆవరణలో కుళాయి దగ్గర ఒకావిడ అక్కకు వినబడేలాగే అంది:

“ఆ సేతి గింజ ఎలాగ మొలుస్తాదే వదినా!”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అక్క బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ సాయంత్రం అక్క నన్ను పిలిచింది. నా చేయి తిప్పి చూసింది.

“ఏట్రా, గోళ్ళల్లో ఈ మట్టేటి?”

“ఏటీ లేదక్కా. ఆడుకున్నాను.”

అక్క నా చేయి వదిలి లేచింది. మిగిలిన గుప్పెడు వడ్లు నానబెట్టి, మర్నాడు నా చేతే ఒక కప్పులో చల్లించింది. “నీలు నువ్వే పొయ్యి. ఏలు మాత్రం పెట్టకు. నువ్వు సూడకపోయినా దాని పని అది సేసుకుంటాది,” అంది. పది రోజులు రోజూ వెళ్ళి నీళ్ళు పోసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ణి. పదకొండో రోజు మట్టి మీద సూదుల్లాంటి పచ్చని మొనలు. అక్క ఆ కప్పు నా చేతుల్లో పెట్టింది. “నీదే, పట్టికెల్లు,” అంది.

దాన్ని డాబా మీద నీళ్ళ తొట్టి వెనక దాచేశాను. చూపిస్తే తవ్వింది నేనేనని చెప్పాల్సి వస్తుందని ఎవరికీ చూపించలేదు.

రెండేళ్ళకు అక్క వాళ్ళు బడ్జ్ బడ్జ్ వెళ్ళిపోయారు. ఆ నారు అక్క తానే తీసుకెళ్ళి అందరికీ ఎందుకు చూపించలేదన్నది నాకు నలభై ఏళ్ళు అంతుపట్టలేదు. ఈ ఆగమన కాలంలో ఆమె ఫోన్ నంబరు సంపాదించి, జరిగినదంతా చెప్పి, అదే అడిగాను. అక్క నవ్వింది.

“నాకు తెల్దేట్రా? నువ్వే పట్టికెల్లి సెప్తావని సూసినాను. ఆ యేడు కాకపోతే మరుసటేడు. పెద్దోడివయ్యాకైనా సెప్తావనుకున్నాను.”

ఎదురుచూడడం అక్క నాకు నేర్పింది పది రోజులే అనుకున్నాను. నా కోసం ఆమె ఇన్నేళ్ళు చూసింది, ఒక్కసారి కూడా తవ్వకుండా. మొన్న ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్పాను. కుళాయి దగ్గర నవ్విన వాళ్ళలో ఒక్కరూ ఇప్పుడు లేరు. అయినా చెప్పాను.