ట్యాంకు నుంచి సమాధి దాకా

పడవ ఎంత వేగంగా పోతోందో, ఎంత దూరం వచ్చిందో చెప్పే మీటరు ఒకటి ఉంటుంది. లాగ్ అంటారు. పడవ అడుగున ఒక రంధ్రంలోంచి రెండు వేళ్ల వెడల్పున్న ప్లాస్టిక్ చక్రం నీళ్లలోకి తొంగిచూస్తుంటుంది. నీళ్లు తగిలి అది తిరిగితే, పైన తెర మీద అంకె పడుతుంది. కువైట్‌లో తొమ్మిదేళ్లు నేను చేసిన పని ఆ చక్రాలను కడగడం. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, పెన్నలో మోకాలు దాటి దిగని నేను, దేశంకాని దేశంలో తెరచాప పడవల కింద పడుకుని పాచి గీకాను. రాత అంటే అదే మరి.

అక్కడ నాకు పని నేర్పిన మలయాళీ మేస్త్రీ ఒక మాట పదేపదే చెప్పేవాడు. చక్రం కడిగితే సగం పనే అయినట్టు. దూరం తెలిసిన రెండు గుర్తుల మధ్య పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, మీటరు ఆ దూరమే చూపుతోందో లేదో సరిచూడాలి. అంతవరకు దాన్ని నమ్మకూడదు. ఈ మాట నేను ఎంతోమందికి చెప్పాను. నేను మాత్రం మరిచిపోయాను.

తిరిగి వచ్చేసరికి జమ్మలమడుగు పక్కనున్న మా ఊరు రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. అమ్మ ముంపువాళ్లకు కట్టిన కాలనీలో కొత్త ఇంట్లో ఉంటోంది. ఊరు మునగక ముందే నాయన పోయాడు. మా చేని గట్టు మీదే సమాధి చేశారు. ఊరి నీళ్ల ట్యాంకు తల ఒక్కటి, బడి మిద్దె కొస ఒకటి నీళ్ల పైకి కనిపిస్తాయి. మిగతాదంతా అడుగున ఉంది. నాయన కూడా.

రిజర్వాయరులో పడవలు తిప్పే ఒకాయన కోస్తా నుంచి పాత తెరచాప పడవ కొనుక్కొచ్చి, దాన్ని చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిసిన రోజే అమ్మ అడిగింది.

"పెద్దల అమావాస్యకి మీ నాయన దగ్గరికి తీసకపోతావా రా? సంగటి పెట్టి శానా దినాలాయ."

నీళ్ల మధ్య సమాధి ఎక్కడుందని వెతకాలి? అమ్మ ట్రంకుపెట్టెలోంచి ఒక జిరాక్సు కాగితం తీసింది. భూములు తీసుకునేటప్పుడు సర్వేవాళ్లు గీసిన పటం. ట్యాంకు నుంచి సమాధికి ఐదు వందల అరవై మీటర్లు అని రాసి ఉంది. ట్యాంకును వెనక పెట్టుకుని, ఎదురుగా కొండ చీలిక వైపు ముక్కుసూటిగా పోవాలి. పడవ లాగ్ దూరాన్ని సముద్రపు మైళ్లలో చూపుతుంది, ఒక్కో మైలు సుమారు పద్ధెనిమిది వందల యాభై మీటర్లు. ఆ లెక్కన పాయింటు ముప్పై దగ్గర ఆపితే నాయన. నాకు భలే గర్వం వేసింది. తొమ్మిదేళ్లు ఊరికే పోలేదనుకున్నాను.

చక్రం అరిగిపోయి ఉంటే కొత్తది తెప్పించాను. ప్రొద్దుటూరు కొరియరు ఆఫీసుకు పోయి తెచ్చుకున్నాను. పాతది పైకి లాగగానే అడుగు రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్మాయి. అరచేత్తో అదిమిపట్టి, బిరడా బిగించి, గూడును పళ్ల బ్రష్షుతో, వెనిగరుతో తోమి, కొత్త చక్రం దించాను. తిరిగింది. తెర మీద అంకెలు పడ్డాయి. సరిచూడాలని గుర్తుకు రాకపోలేదు. ఈ నీళ్లలో తెలిసిన దూరం ఎక్కడుందిలే అనుకున్నాను. ట్యాంకు నుంచి బడి దాకా ఎంతో కూడా ఆ పటంలోనే ఉంది. కాగితం నా జేబులోనే ఉంది.

మొదటి ఏడు అమ్మ రాగి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, ఒక బీడీ కట్ట గిన్నెలో సర్దుకుని వచ్చింది. పులివెందులలో ఉన్న అక్క చామంతులు పంపింది. తెరచాప చూసి అమ్మ నవ్వింది.

"చీర కట్టినట్టుంది దీనికి."

గాలికి దారి తప్పకుండా తెరచాప దించి, చిన్న మోటారు మీద మెల్లగా పోయాను. అమ్మ నీళ్ల వైపు చూడలేదు. ఎడమ వైపు గుట్టలనే చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి నా మోచేయి పట్టుకుంది.

"ఈడే రా. ఆపు."

"ఇంగా రాలేదు మా. మీటరు ఇరవై ఆరే చూపిస్తాండాది."

"రెండు గుట్టల సందులోకి తెల్లబండ వచ్చింది సూడు. సమాధి కాడ దీపం పెట్టేదానికి పోయి కూచుంటే నాకు అది ఆడ్నే కనపడేది."

"గుట్టలన్నీ ఒకే తీరుంటాయి మా. మిషను అబద్ధం చెప్పదు."

"సరే. నీ మిషను ఎట్ల చెప్తే అట్లనే."

ముప్పై పడ్డాక ఆపాను. అమ్మ సంగటి ముద్ద నీళ్లలోకి వదిలింది. దండం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఎవరింటికో వచ్చినట్టు పొందికగా కూర్చుంది.

రెండో ఏడూ అంతే. మూడో ఏడు మీటరు ముప్పైకి రాకముందే, దారిలోనే చామంతులు సగం నీళ్లలో పడిపోయాయి. "గట్టిగా పట్టుకో మా, పడిపోతాండాయి" అని కసురుకున్నాను. ఆమె చెయ్యి మాత్రం పడవ అంచు మీదే ఉంచుకుంది.

ఆ చలికాలం అమ్మకు ఊపిరి ఆడకుండా అయింది. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. నాయన పక్కన పెట్టమని అడగలేదు. అడగడానికి ఆ పక్కే లేదని ఆమెకు తెలుసు. కాలనీ శ్మశానంలో, తెలియనివాళ్ల సమాధుల మధ్య పెట్టాం.

తర్వాత ఎండాకాలంలో పడవ ఎక్కిన ఒకాయన తన ఫోన్‌లో పడ్డ దూరం చూపించి, "మీ మీటరు తక్కువ చూపిస్తోందండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఫోన్లు పట్టుకున్న ప్రతివాడూ మేస్త్రీనే అని మనసులో తిట్టుకున్నాను. అయినా ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మరుసటి రోజు పొద్దున పటం తీసుకుని ట్యాంకు నుంచి బడి మిద్దె దాకా పోయాను, మళ్లీ వచ్చాను. రెండుసార్లూ ఒకటే లెక్క. ఆ లెక్కన ముప్పై చూపాల్సిన చోట మీటరు ఇరవై ఆరే చూపుతోంది. చక్రం మార్చాను గానీ, పాత చక్రానికి సరిపెట్టిన అంకెను మీటరు లోపల అలాగే వదిలేశాను.

ఇరవై ఆరు. అమ్మ నా మోచేయి పట్టుకున్నప్పుడు తెర మీద ఉన్న అంకె.

మోటారు ఆపి అక్కడే కూర్చుండిపోయాను. మూడేళ్లు మేము సమాధి దాటి ఎనభై మీటర్లకు పైనే ముందుకు పోయాం. అక్కడ ఎవరి చేను ఉండేదో నాకు తెలుసు. గట్టు తగాదాతో మా నాయన చచ్చేదాకా మాట్లాడని మనిషిది. మూడేళ్లు నాయన పేరు చెప్పి సంగటి, బీడీలు పగవాడి చేన్లో పెట్టాం. నాయనైతే నన్ను ఏమని తిట్టి ఉండేవాడో తలుచుకుంటే నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. అమ్మకు అది ఎవరి చేనో తెలుసు. తెలిసే నోరు మెదపకుండా సంగటి వదిలింది, కొడుకు చిన్నబోతాడని.

ఈ ఏడు పెద్దల అమావాస్యకు అక్క వచ్చి సంగటి చేసింది. ఊరుబిండి అమ్మ చేసినట్టు రాలేదు. పడవలో అక్కను ముందు కూర్చోబెట్టాను. మీటరు సరిచేసి ఉంది గానీ, నేను దాన్ని చూడలేదు. ఎడమ వైపు గుట్టలను చూస్తూ పోయాను. సందులోకి తెల్లబండ రాగానే ఆపాను. తర్వాత మీటరు తెర చూస్తే ముప్పై.

అక్క చామంతులు నా చేతికిచ్చింది. చెయ్యి పడవ అంచు మీద పెట్టి వేళ్లు విప్పాను. అప్పుడు తెలిసింది. మూడో ఏడు పూలు జారింది ఇక్కడే. ఆ రోజు గాలి లేదు. ఆమె కావాలనే వదిలింది. నాకు చెప్పకుండా, నేను కసురుతుండగానే, నాయనకు పూలు పెట్టుకుంది.

"ఏంది రా, ఏడుస్తాండావు?" అంది అక్క.

"ఈడే, కా" అన్నాను. "అమ్మ ఈడే అనింది. నేను ఆపలేదు."