మందుబిళ్ళల వాటా: కోట దాటి ఒక కుప్పంలో గడిపిన రోజు

ఈ ప్రయాణానికి కారణం నేను వేసే బొమ్మలు. నేను నెల్లూరులో ఒక చిన్న స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. సెలవు దొరికితే బస్సెక్కి ఏదో ఒక ఊరు చూసి వచ్చి ఇక్కడ రాస్తుంటానని మీకు తెలుసు. పోయిన నెల నా చిన్ననాటి స్నేహితురాలు సుశీల ఫోన్ చేసింది. కోట అవతల సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఆమె నర్సు. "ఎప్పుడూ గుళ్ళూ పక్షులూ అని తిరగతా ఉంటావు గదమ్మే. ఒక రోజు నా డ్యూటీకి రా. మందుల కవర్ల మీద అందరికీ అర్థమయ్యేట్టు బొమ్మలేసి పెట్టు," అంది. ఆ ఊరికి నెలకోసారి మందుల బండి వస్తుంది. ఆ రోజు తప్ప బీపీ చూసేవాళ్ళు కావాలంటే కోటకు పోవాల్సిందే. "కామాక్షి అని ఒక పిల్ల ఉండాది. ఎనిమిదో నెల. తొలి బిడ్డ బీపీ వల్లే కడుపులో పోయింది. ఈసారి రెండు నెలలుగా బిళ్ళలిస్తా ఉండా, తగ్గలా. రోజుకు రెండని నేను రాసింది ఆ పిల్లకు అర్థం కాలేదేమో," అంది. సుశీల నవ్వకుండా రెండు మాటలు మాట్లాడదు. ఆ రోజు ఒక్కసారి కూడా నవ్వలేదు.

అందుకని ఒక శనివారం పొద్దున ఆరు గంటలకు స్కెచ్ పెన్నుల డబ్బా సంచిలో వేసుకుని నెల్లూరు బస్టాండులో నిలబడ్డాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్టు ఉచితం. మగవాళ్ళకు కోట దాకా వంద లోపే అవుతుంది. వెంకటాచలం దాటే వరకు హైవే మీద హాయిగా కునికాను. గూడూరులో బస్సు తూర్పుకు తిరిగాక నిద్ర ఎగిరిపోయింది, ఎందుకంటే రోడ్డు పడుకోనివ్వదు. అటూ ఇటూ వరి మళ్ళు, కాసేపటికి వాటి మధ్యలో రొయ్యల గుంటలు, ఇంకాసేపటికి గుంటలే తప్ప మళ్ళు లేవు. ఎనిమిదింటికి కోటలో దిగాను. బస్టాండు దగ్గర తోపుడు బండి మీద కారం దోశ తిన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా రెండోది అడిగాను. ఆ విషయంలో నాకు సిగ్గు లేదు.

కోట నుంచి కుప్పానికి బస్సు లేదు. కుప్పం అంటే ఇక్కడ చేపలు పట్టేవాళ్ళ ఊరు, చిత్తూరు వైపున్న పట్నం కాదు. షేర్ ఆటోలో నలభై రూపాయలు, కానీ అది ఎనిమిది మంది నిండితే గానీ కదలదు. ఒక్కరే పోతే మూడు వందలు అడుగుతారు. నేను షేర్ ఆటోలోనే ఎక్కి, ఒడిలో ఎవరిదో ఉల్లిపాయల సంచి పెట్టుకుని కూర్చున్నాను. ఆటో నడిపే మస్తాన్ అద్దంలోంచి చూసి, "నర్సమ్మ దగ్గరికా మేడం? మందుల బండి రోజు గదా. ఆడోళ్ళే ఉంటారు. మగోళ్ళంతా యేటకు పొయ్యుంటారు," అన్నాడు. "యేట" అంటే చేపల వేట. నేను తలూపి ఊరుకున్నాను. ఆ మాటను అప్పుడే పట్టుకుని ఉంటే నా బొమ్మల శ్రమ సగం తప్పేది.

తొమ్మిదింబావుకు చేరాను. సరుగుడు తోట దాటగానే రెండు వరసల కాలనీ ఇళ్ళు, వలలు ఆరేసే పాక, దాని ముందు ఇసుక, ఆ పైన సముద్రం. బండి పదింటికి వచ్చింది. డాక్టరు గారు లోపల కూర్చున్నారు, సుశీల బయట బీపీ మిషన్‌తో బల్ల వేసుకుంది, నేను పక్కనే స్టూలు మీద. పొద్దున వేసుకోవాల్సిన బిళ్ళకు సూర్యుడు, రాత్రి బిళ్ళకు చందమామ, అన్నం తిన్నాక అయితే పక్కన ఒక కంచం. నలభై కవర్ల మీద వేశాను. చదువు రాని వాళ్ళకు దారి చూపిస్తున్నానని లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. ఒక ముసలామె నా కవరు అటూ ఇటూ తిప్పి, "బొమ్మ బాగుండాది గానీ తల్లీ, సుశీలమ్మ పోయినసారి నోటితో చెప్పిందే మాకు గుర్తుండాది," అంది. ఆమె పేరు నాగమ్మ, కుప్పంలో అందరికీ పెద్దామె. నేను వినీ విననట్టు ఇంకో సూర్యుణ్ణి వేశాను.

కామాక్షి వరసలో చివర వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో, పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. సుశీల బీపీ చూసింది. పై అంకె నూట యాభై దాటింది. "బిళ్ళలు వేసుకుంటా ఉండావా?" అని అడిగితే, "రోజూ వేసుకుంటానే ఉండానక్కా, ఒక్కరోజు కూడా మానలా," అంది. అబద్ధం చెప్పే ముఖం కాదు. నెల్లూరు పెద్దాసుపత్రిలో చేరమని డాక్టరు గారు చెబితే మాత్రం తల అడ్డంగా ఊపింది. తొలి బిడ్డను ఆ ఆసుపత్రిలోనే పోగొట్టుకుంది. ఆ గుమ్మం మళ్ళీ తొక్కలేనంది. మధ్యాహ్నం ఇంకోసారి చూస్తాను, తగ్గకపోతే మాత్రం నా మాట వినాలని సుశీల గట్టిగా చెప్పి, నెలకు సరిపడా బిళ్ళలు నా సూర్యచంద్రుల కవర్లో పెట్టి ఇచ్చింది.

పన్నెండింటికి బండి ఇంకో ఊరికి వెళ్ళిపోయింది. మామూలుగా సుశీల కూడా అందులోనే వెళ్ళిపోతుందట. కామాక్షి కోసం ఆగాలి, పైగా నేను చేపల పులుసు తినకుండా కదిలే మనిషిని కాను, కాబట్టి ఇద్దరం ఉండిపోయాం. ఒంటిగంట దాటాక పడవలు ఒడ్డుకు వచ్చాయి. మీరు ఎప్పుడు వెళ్ళినా ఇది చూడకుండా రావద్దు. వలలోంచి చేపలు దులిపి, ఇసుక మీద కుప్పలు పోస్తారు. పడవకు ఒక వాటా, ఎక్కిన వాళ్ళకు తలా ఒకటి. ఇవి కాక పక్కగా రెండు మూడు చిన్న కుప్పలు కూడా పడ్డాయి. అవి ఎవరివని అడిగితే, వేటకు పోలేని వాళ్ళవని ఊరి కాపు పోలయ్య చెప్పాడు. కాపు అంటే కుప్పానికి పెద్దమనిషి. "కాలిరిగినోడికి ఒకటి, మొగుడు పోయినామెకు ఒకటి. యేటకు రాలేదని వాటా లేకుండా పోతాదా?" అన్నాడు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది. బ్లాగులో రాసుకోవాలని ఫోన్లో ఎక్కించుకున్నాను.

భోజనం నాగమ్మ ఇంట్లో. మామిడికాయ ముక్కలేసిన కానాగంత చేపల పులుసు, పొగలు కక్కే అన్నం. ఇద్దరికీ కలిపి రెండు వందలు ఇవ్వబోతే తీసుకోలేదు, బలవంతాన తాటాకు బుట్ట కింద పెట్టి వచ్చాను. సుశీల చాప మీద నడుం వాల్చింది. నేను వలల పాక వైపు నడిచాను. అక్కడ చూసింది ఒక నిమిషం పాటు నాకు అర్థం కాలేదు. నాగమ్మ ఇసుక మీద తువ్వాలు పరిచి కూర్చుని ఉంది. చుట్టూ పొద్దున వరసలో నిలబడ్డ ఆడవాళ్ళే. నా సూర్యులూ చంద్రులూ ఖాళీ కవర్లుగా ఒక రాయి కింద రెపరెపలాడుతున్నాయి. నాగమ్మ వలలు కత్తిరించే కత్తెరతో బిళ్ళల పట్టీలు ముక్కలు చేసి తువ్వాలు మీద కుప్పలు పెడుతోంది, అచ్చం గంట క్రితం చేపలు పెట్టినట్టే.

"ఏం చేస్తున్నారు పెద్దమ్మా?" అన్నాను.

"వాటాలమ్మా," అంది ఆమె తల ఎత్తకుండానే. "బండి వొచ్చినప్పుడు మగోళ్ళు నీళ్ళ మీద ఉండారు గదా. వాళ్ళకు బీపీలు లేవా, షుగర్లు లేవా? పోయినేడు కోట క్యాంపులో చూసి ఉండాయనే చెప్పినారు. వాళ్ళకెవురిస్తారు?"

కామాక్షి అక్కడే నిలబడి ఉంది. తన పట్టీలో సగం అప్పటికే పోలయ్య కుప్పలో పడింది. పోలయ్య ఆమె మొగుడికి మేనమామ. "మామకు పొద్దున లేస్తే తల తిరగతా ఉండాదక్కా. నాకు రోజుకు రెండు గదా, ఒకటి నేను వేసుకుంటా ఉండా, ఒకటి ఆయనకు," అంది, అదేమీ దాచాల్సిన సంగతి కాదన్నట్టు. నేను చెప్పులు కూడా వదిలేసి సుశీల దగ్గరికి పరుగెత్తాను.

సుశీల వచ్చి చూసి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఇసుకలో కూలబడి కాసేపు ఆ కుప్పలనే చూసింది. "మూడేళ్ళుగా పన్నెండుకు బండెక్కి పోతా ఉండానే. ఒక్కరోజు ఆగి చూడలేదే," అంది నాతో. ఆమె కళ్ళలో నీళ్ళు. ఆ తర్వాత నాగమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఒక పడవకు పోసే డీజిలు నాలుగు పడవలకు తలా కొంచెం పోస్తే ఏమవతాది?"

"నడిమధ్యలో ఆగిపోతాయి," అంది నాగమ్మ.

"ఇదీ అంతే. సగం బిళ్ళ వేసుకుంటే ఎవురికీ తగ్గదు. పైగా కడుపుతో ఉన్న పిల్లకిచ్చేది వేరు, మగోళ్ళకు ఇయ్యాల్సింది వేరు. ఈ పిల్ల బీపీ ఇట్టనే ఉంటే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పు."

నాగమ్మ కత్తెర ఇసుకలో పెట్టేసింది. వెనక వలలు చుడుతున్న పోలయ్య ఎప్పుడు వచ్చాడో, అక్కడే నిలబడి అంతా విన్నాడు. "అంటే రెండు నెలలుగా నేను తిన్నది బిడ్డ నోటికాడదా సుశీలమ్మా?" అని అడిగాడు. అంత పెద్ద మనిషి పిల్లవాడిలా ఏడవడం నేను చూడలేకపోయాను, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.

కామాక్షికి మళ్ళీ బీపీ చూస్తే ఈసారి నూట అరవై పైన ఉంది. సుశీల డాక్టరు గారికి ఫోన్ చేసింది. వెంటనే ఒక బిళ్ళ వేసి, ఆలస్యం చేయకుండా నెల్లూరు తీసుకురమ్మన్నారు. అంబులెన్సు తారు రోడ్డు దాకా వస్తుంది, అక్కడికి ఆటోలో చేర్చాలి. మస్తాన్‌కు ఫోన్ చేశాం. తువ్వాలు మీది బిళ్ళలన్నీ ఆ గొడవలో కలిసిపోయాయి, కామాక్షి బిళ్ళలున్న కుప్పలు అప్పటికే ఇళ్ళకు చేరాయి. సుశీల సంచిలో ఆ రకం బిళ్ళ ఒక్కటి కూడా లేదు. బండి ఎక్కడో ఇంకో ఊళ్ళో ఉంది. నాగమ్మ లేచి, కొంగు బిగించి ఇళ్ళ వైపు నడిచింది.

ఆటో కోసం చూస్తూ సుశీల ఖాళీగా కూర్చోలేదు. మగవాళ్ళందరూ ఒడ్డునే ఉన్నారు కదా, వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి బీపీ చూసింది, నేను పేర్లు రాశాను. పోలయ్యకు నిజంగానే చాలా ఎక్కువ ఉంది. అతను చెయ్యి చాపి కూర్చునే ఊరంతటికీ వినబడేలా దురాయి చెప్పాడు. దురాయి అంటే కుప్పం కట్టుబాటు, దాన్ని ఎవరూ దాటరు. "ఈ పొద్దు నుంచి ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టబాకండి. బండి రోజు ఎవురూ యేటకు పోబాకండి." రెండో మాటకు సుశీల ఒప్పుకోలేదు. "మీ యేట మాన్పించి నేను మందియ్యనన్నా. బండినే రెండు దాటినాక రమ్మని అడగతా," అంది.

ఆటో వచ్చేసరికి కామాక్షి గుమ్మంలో కూర్చుని ఉంది, రానంటూనే ఉంది. మొగుడు చెప్పాడు, సుశీల చెప్పింది, నేను కూడా నా వంతు చెప్పాను. కదల్లేదు. అప్పుడు నాగమ్మ వచ్చింది, చెంగు కొనకు ముడి వేసుకుని. ఆ ముడి విప్పితే కత్తిరించిన పట్టీ ముక్కలు, వెనక రేకు మీద మందు పేరుతో సహా. సుశీల ఒక్కొక్కటి చూసి, సరైనవేనని తలూపింది. ఒక్కటి కూడా తక్కువ కాలేదు. నాగమ్మ ఒక బిళ్ళ ఒత్తి తీసి నీళ్ళ గ్లాసుతో పాటు కామాక్షి చేతిలో పెట్టింది. "మింగు. మిగతాయి నీ దగ్గర పెట్టుకో. ఇది నీ వాటా తల్లీ, ఎవురికీ పెట్టబాక. నేనూ ఆసుపత్రికి వస్తా, లెయ్యి," అంది. కామాక్షి మింగింది. నాగమ్మ భుజం పట్టుకుని లేచి ఆటో ఎక్కింది. నేను మిగిలిన కాస్త జాగాలో ఒదిగాను. తారు రోడ్డు మీద కామాక్షిని, నాగమ్మను, సుశీలను అంబులెన్సు ఎక్కించి, నేను కోటకు తిరిగి వచ్చి ఐదున్నర బస్సు పట్టుకున్నాను.

ఆ రాత్రి సంచి సర్దుతుంటే వాడని కవర్లు నాలుగు దొరికాయి. ఆ ఊరివాళ్ళకు చదవడం రాదనుకుని వెళ్ళాను. వాళ్ళకు అన్నీ తెలుసు, ఎన్ని బిళ్ళలో ఎప్పుడో బాగా తెలుసు. తెలియంది మాకే, మగవాళ్ళు ఎన్నింటికి ఒడ్డుకు వస్తారో. ఉన్నది అందరికీ పంచుకోవడం తప్పని నేను ఇప్పటికీ అనలేను. అందరికీ అందేట్టు మందు ఇస్తే వాళ్ళకు పంచుకునే అవసరమే ఉండదు. మూడు వారాల తర్వాత సుశీల ఫోన్ చేసి నవ్వింది. కామాక్షికి ఆడపిల్ల, బరువు తక్కువే గానీ ఏడుపు మాత్రం కుప్పం దాకా వినబడేట్టుందట. పోలయ్య తన బిళ్ళలు తానే వేసుకుంటున్నాడు. బండి కూడా వేళ మార్చుకుంది. మీరెవరైనా ఆ వైపు వెళ్ళాలనుకుంటే, ముఖ్యంగా మందులో మాటసాయమో తీసుకుని వెళ్ళాలనుకుంటే, నేను చెప్పగలిగింది ఒక్కటే: పొద్దున్నే పోకండి. కోటలో పన్నెండు దాటాక ఆటో ఎక్కండి, రెండింటికల్లా కుప్పంలో అందరూ ఒడ్డున ఉంటారు.