కీబోర్డుకు నాలుగు బొట్లు

నగర్తపేటలో మా జరీ అంగడి కింద, ఇల్లు మిద్దె మీద. అంగట్లో ఒక మూల కంప్యూటరు, దాని ముందర ఇనప కుర్చీ. ఆ ఇంట్లో నన్ను ఎవరూ "ఏమే" అని పిలవని చోటు అదొక్కటే. మాకు జరీ పంపే సూరత్ పార్టీలకు మెయిలు కొట్టేది నేను, జవాబు చదివి చెప్పేది నేను. దాంట్లో లినక్స్ వేయించింది కూడా నేనే. అది నా మరిదికి కంట్లో నలుసు. "ఊరికే దొరికేదానికి ఏం విలువ ఉంటాది వదినా" అని దినమూ ఒక పోటు పొడిచేవాడు.

ఆ ఏడు ఆయుధపూజ పొద్దున మెయిలు కొడతా ఉండగానే బయట చేరినాను. లేచి పోయి మెట్ల మీద కూర్చున్నాను. పూజంతా మరిదే చేసినాడు. తక్కెడకు, బీరువాకు, గల్లాపెట్టెకు పెట్టినట్టే కీబోర్డుకూ నాలుగు మూలలా గంధం, కుంకుమ. ఒక్కొక్క బొట్టు రూపాయి బిళ్ళంత.

మరుసటి దినం ఆ కుర్చీలో వాడే కూర్చున్నాడు. దీపావళి సరుకు ఖాయం చేస్తామని సూరత్‌కు రాయాల. బ్రౌజరు తెరిచి అడ్రసు కొట్టబోతే మొదటి డబ్ల్యూకే విండో మాయం. మళ్ళా తెరిచినాడు, మళ్ళా మాయం. ఇంకేదో నొక్కితే ఒకదాని మీద ఒకటి కొత్త విండోలు పుట్టుకొచ్చినాయి.

"వదిన ముట్టుతో తాకింది కదా, అందుకే" అన్నాడు, వాళ్ళమ్మకు వినపడేటట్టు.

మా అత్త నోరు ఊరుకుంటుందా! "పూజ నాడే మైల చేసి పెట్టింది. ఇంక ఆ కుర్చీ దానికి వద్దు. ఎవరన్నా మగోణ్ణి పెట్టుకుందాం" అనేసింది. నా మొగుడు జరీ కండెలు సర్దుతానే ఉండాడు. తల ఎత్తలేదు. ఆ పొద్దు ఆయన మీద పుట్టిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గడప ఇవతలే నిలబడి "ఎన్ కొట్టప్పా" అన్నాను. కొత్త విండో వచ్చింది. "డబ్ల్యూ కొట్టు." మూసుకుంది. "ఇంకోసారి." మళ్ళా అదే. మైలకు ఇంత నియమం ఉంటుందా? ఏ అక్షరమూ తెర మీద పడటం లేదు, ప్రతిదీ ఆజ్ఞ అయిపోతా ఉంది. కంట్రోల్ మీట నొక్కిపెట్టి కొడితేనే ఎన్‌కు కొత్త విండో తెరుచుకుంటాది, డబ్ల్యూకు ఉన్నది మూసుకుంటాది.

"కంట్రోల్ మీద వేలు పెట్టినావా?"

"నేనేం పిచ్చోణ్ణా? నీ లినక్సే దరిద్రం."

ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. వాడితో ఇంక మాట్లాడి లాభం లేదు. కీబోర్డుకు ఎడమపక్క కింది మూల ఉండేదే కంట్రోల్ మీట, మూలలన్నిటికీ బొట్లు పెట్టింది వాడే.

గడప దాటినాను. అత్త "ఏమే, ఏమే!" అని అరుస్తా ఉంటే తల్లో పిన్ను తీసి ఆ మీటను పెరికినాను. కింద గంధం. నీళ్ళగా జారి లోపలికి దిగి, సున్నం మాదిరి గట్టిగా ఎండిపోయి ఉండాది. మీట కిందికి పోయింది, పైకి రాలేక ఇరుక్కుంది. గీకి, ఆ పెళ్ళలన్నీ మరిది అరచేతిలో పోసినాను.

"ఇందా అప్పా, నా మైల."

వాడు అరచెయ్యి దులుపుకున్నాడు. వాళ్ళమ్మ ఎగిరింది. "దేవుడి గంధం గీకుతావేమే? కుంకుమ నేలపాలయింది చూడు!" తప్పు మళ్ళా నాదే. ఆ ఇంట్లో రుజువుకు అంతే విలువ.

మీట బిగించి "లెయ్యప్పా" అన్నాను. వాడు వాళ్ళమ్మ మొహం చూసినాడు, ఖాళీ తెర చూసినాడు, సూరత్‌కు ఏం రాయాలో వాడికి తెలియదు. లేచినాడు.

"ఇంకా తలకు పోసుకోలేదు కదే నువ్వు?" అంది అత్త.

"పోసుకోలేదు" అని కుర్చీలో కూర్చుని డబ్ల్యూ కొట్టినాను. విండో మూసుకోలేదు.